మోయ్ గారి స్టవ్ మీది కషాయం

మా అక్క మనవరాలు ఈమధ్యే ఫార్మసీ కాలేజీలో చేరింది. చేరిన వారానికే ఫోన్ చేసి, "అమ్మమ్మా, అన్నేళ్ళు కౌంటర్ వెనకాల నిలబడి ఏం చేశావు? మాత్రలు లెక్కపెట్టడమేనా?" అంది. వెక్కిరింపు కాదు పాపం, నిజంగానే అడిగింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఆ పూటకి ఊరుకుని, ఫోన్ పెట్టేశాక కూర్చుని ఇది మొదలుపెట్టాను. దానికి తెలుగు చదవడం రాదు, వాళ్ళమ్మ చదివి వినిపిస్తుంది. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మిగతా పిల్లలు కూడా ఎవరిచేతనైనా చదివించుకోండి.

లైసెన్స్ ఎప్పుడొచ్చింది, జీతం ఎప్పుడు పెరిగింది, అవేవీ రాయను. అవి మా వారికే గుర్తులేవు, మీకెందుకు? ఒకే ఒక్క మనిషి సంగతి రాస్తాను. ఆయన విషయంలో నేను తప్పు చేశాను. ఆ తర్వాత నేను ఫార్మసిస్టుగా బాగా పనిచేశానని ఎవరైనా అంటే, దానికి కారణం ఆ తప్పే.

స్టాన్ షాపు

డెబ్బైల చివర్లో చికాగోలో నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది స్టాన్. పోలండ్ నుంచి వచ్చిన కుటుంబం. ఊరికి దక్షిణం వైపు వాళ్ళ నాన్న పెట్టిన మందుల షాపు. చైనాటౌన్ అక్కడికి నడిచి వెళ్ళేంత దూరం. విశాఖలో బీఫార్మసీ చదివిన నాకు, పోలిష్ ముసలమ్మలూ చైనా తాతలూ కస్టమర్లు.

మొదటివారంలోనే ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "అసలు ఫార్మసిస్టు ఎక్కడ?" అని స్టాన్‌ని అడిగింది. స్టాన్ తల ఎత్తకుండానే, "ఆవిడే. నేను ఇక్కడ ఊడుస్తాను" అన్నాడు. ఆ మాటతో నా మనసు గెలుచుకున్నాడు కానీ, మిగతా రోజుల్లో నా ప్రాణం తీసేవాడు. మందు పొట్లం చేతికిచ్చే ముందు మనిషితో నాలుగు మాటలు మాట్లాడాలంటాడు. "వాళ్ళు అడిగింది ఇవ్వడానికైతే నువ్వెందుకు, రాజీ? వాళ్ళు చెప్పనిది తెలుసుకోవాలి" అనేవాడు. రాజేశ్వరి అనడం ఆయన వల్ల కాలేదు. లైన్లో పదిమంది నిలబడి ఉంటే ఈయన కబుర్లు చెప్తాడేమిటని నేను లోపల్లోపల విసుక్కునేదాన్ని. చేతి వేగమే గొప్పనుకునే వయసు నాది.

ఇసుక పొడి

ఇప్పుడైతే కొలెస్ట్రాల్‌కి రాత్రి ఒక మాత్ర వేసుకుని పడుకుంటారు. ఎనభైల మొదట్లో అలాంటి మాత్ర లేదు. ఒక పొడి ఉండేది, డబ్బాల్లో వచ్చేది. నీళ్ళలో కలిపితే కరగదు, ఇసుక తాగినట్టు ఉంటుంది. నేనొకసారి రుచి చూశాను, పళ్ళ సందుల్లోంచి అది వదలడానికి సాయంత్రమైంది. పైగా మలబద్ధకం. పైగా వేరే మందులు వేసుకుంటే వాటిని కడుపులోనే పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. అందుకని ఆ మందులకీ దీనికీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉండాలి. ఇవన్నీ ప్రతి మనిషికీ ఓపిగ్గా చెప్పేదాన్ని.

అలా చెప్పించుకున్నవాళ్ళలో మోయ్ గారొకరు. చైనాటౌన్‌లో ఒక రెస్టారెంటులో నలభై ఏళ్ళు వంట చేసి రిటైరైన మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు. రెండో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఒక్కరే ఉంటారు. గుండెలో లోహపు వాల్వ్ పెట్టారు కాబట్టి, రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర సంగతి మీరు చదువుకునే ఉంటారు. తక్కువైతే వాల్వ్ దగ్గర గడ్డకడుతుంది, ఎక్కువైతే నెత్తురు ఆగదు. అందుకే నెలకోసారి రక్తపరీక్ష. ఏళ్ళ తరబడి ఆయన పరీక్ష గీత గీసినట్టు ఒకేలా ఉండేది.

తర్వాత ఆయన కొలెస్ట్రాల్ మూడొందలు దాటింది. డాక్టరు బ్రెనన్ ఆ పొడి రాశాడు. పొడి మొదలయ్యాక రక్తం గడ్డకట్టే పరీక్షలో అంకె కాస్త తగ్గితే, దానికి తగ్గట్టు మాత్ర మోతాదు పెంచాడు. అంతా పద్ధతిగానే ఉంది. నేను బొమ్మలు గీసి మరీ చెప్పాను, పొద్దున్న గడియారం బొమ్మ పక్కన మాత్ర, మధ్యాహ్నం గడియారం పక్కన డబ్బా. ఆయన రెండు చేతులతో ఆ కాగితం అందుకుని, "ఇంత బాగా నాకెవరూ చెప్పలేదు" అన్నారు. నేను పొంగిపోయాను.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగాను. లేవన్నారు. కార్డు మీద "లేవు" అని రాశాను.

నేనన్న మాట

మూడు నెలలకి ఆయన పరీక్ష పిచ్చిపట్టినట్టు ఊగడం మొదలుపెట్టింది. ఒకసారి ఆకాశంలో, ఒకసారి నేల మీద. డాక్టరు మోతాదు తగ్గిస్తే పడిపోతుంది, పెంచితే ముక్కులోంచి నెత్తురు. మోచేతుల దగ్గర పెద్ద పెద్ద నల్లమచ్చలు. విచిత్రం ఏమిటంటే కొలెస్ట్రాల్ మాత్రం చక్కగా దిగింది. పొడి బాగా పనిచేస్తోందని డాక్టరు సంతోషించాడు.

మాత్రలు తికమకగా వేసుకుంటున్నాడని డాక్టరు అనుమానం. నేను మోయ్ గారి సీసా అడిగి తీసుకుని, లైన్లో జనం చూస్తుండగా కౌంటర్ మీద బోర్లించి లెక్కపెట్టాను. ఎన్ని ఉండాలో అన్నే ఉన్నాయి. ఒక్కటి అటూఇటూ లేదు. మరి బుద్ధి ఉన్నదాన్నైతే అక్కడ ఆగి ఆలోచించాలా వద్దా? నేను ఆలోచించలేదు. చెవుడున్నవాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా, "మిస్టర్ మోయ్, గడియారం చూసుకునే వేసుకుంటున్నారా? మర్చిపోవడం లేదు కదా?" అని అడిగాను. ఆయన మొహం చిన్నబుచ్చుకుని, మాత్రలు ఒక్కొక్కటే సీసాలో వేసుకుని వెళ్ళిపోయారు.

తర్వాత డాక్టరు ఫోన్ చేశాడు. మాత్రల లెక్క సరిపోయిందని చెప్పాను. చెప్పి ఊరుకుంటే బాగుండేది. "అయినా వయసు మీద పడింది కదండీ, ఒకరోజు రెండు, ఒకరోజు సున్నా వేసుకుంటే లెక్క సరిపోదా?" అన్నాను. నిజంగా తెలివైన మాట అన్నాననే అనుకున్నాను.

డాక్టరు నిట్టూర్చి, "అదే అయ్యుంటుంది. రెండు వారాల్లో మళ్ళీ పరీక్ష. అప్పటికీ ఇలాగే ఉంటే ఆయన్ని ఒంటరిగా ఉంచడానికి లేదు. వృద్ధుల హోమ్‌కి రాసేస్తాను. మేనల్లుడు సంతకం పెడతానన్నాడు" అన్నాడు.

ఆ సంగతి మోయ్ గారికి కూడా చెప్పారట. ఆ వారం షాపుకొచ్చినప్పుడు స్టాన్‌ని ఒకే ప్రశ్న అడిగారు. "ఆ హోమ్‌లో స్టవ్ ఉంటుందా?" స్టాన్ నా వంక చూశాడు. నేను లేబుల్ టైప్ చేస్తున్నట్టు నటించాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి, కానీ అదే చేశాను.

పోపుల డబ్బా

అప్పుడు మా అత్తగారు ఆరు నెలలకి మా దగ్గరికి వచ్చి ఉన్నారు. ఆవిడకి షుగరు. ఒకరోజు సెలవు పెట్టి ఆవిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. షుగరు కొత్తగా మాత్రలు రాసేంత ఉందా లేదా అన్నది చూస్తున్నాడాయన. "ఇంట్లో ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే నేను తెలుగులో చెప్పాను. ఆవిడ ధీమాగా, "ఏమీ లేవని చెప్పమ్మాయ్" అన్నారు. నేను అలాగే చెప్పాను.

కారెక్కాక గుర్తొచ్చింది. ఆవిడ రాత్రి గుప్పెడు మెంతులు నానబోసి, పొద్దున్నే ఆ నీళ్ళు తాగి, మెంతులు నమిలి మింగుతారు. వారానికి నాలుగు రోజులు కాకరకాయ రసం. ఆ కాకరకాయల కోసం మా వారు మనవాళ్ళ కొట్లుండే డెవాన్ ఎవెన్యూ అంతా తిరుగుతారు.

"అత్తయ్యా, మెంతుల సంగతి డాక్టరుకి చెప్పలేదేం?"

ఆవిడ నన్ను జాలిగా చూశారు. "మెంతులు మందేమిటే? పోపుల డబ్బాలోది మందెలా అవుతుంది? ఆయన మందులు అడిగాడు. వంటింట్లో ఏం తింటావని అడగలేదుగా."

నేను బ్రేక్ వేశాను.

"రెడ్ లైటైనా లేదు, ఎందుకాపావ్?" అన్నారు ఆవిడ, శాలువా సర్దుకుంటూ.

నలభై ఏళ్ళు వంట చేసిన మనిషిని "మందులు" అని అడిగి, లేవంటే లేవని రాసుకున్నాను. కారు చైనాటౌన్ వైపు తిప్పాను. అత్తగారిని ఇంట్లో దింపాలన్న ఆలోచన కూడా రాలేదు.

రెండో అంతస్తు

మోయ్ గారు తలుపు తీసి, మంచు బూట్లూ, కంచిపట్టు చీరా, దానిపైన మా వారి ఓవర్‌కోటూ వేసుకున్న మా అత్తగారిని చూసి ఒక్క క్షణం బిత్తరపోయారు. ఆ వెంటనే వంగి నమస్కారం పెట్టి, టీ పెట్టడానికి వెళ్ళబోయారు.

గదంతా ఒక వాసన. చేదూ, మట్టీ, ఎక్కడో కాస్త పులుపూ. అత్తగారు ముక్కు ఎగబీల్చి, "కషాయం కాస్తున్నాడమ్మాయ్" అన్నారు. నేను వారించేలోగా వంటగదిలోకి వెళ్ళి, పరాయి ఇల్లన్న మొహమాటం లేకుండా స్టవ్ మీద మట్టిపాత్ర మూత ఎత్తి చూశారు. మోయ్ గారికి కోపం రాలేదు సరికదా, ఒక గరిటె అందించారు. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు. ఆవిడ గరిటెతో కలిపి, రెండు వేళ్ళు చూపించి, ఎంత నీళ్ళు ఎంతకి మరగాలో చేతులతోనే అడిగారు. ఆయన మూడు గిన్నెలు ఒక గిన్నె అవ్వాలని చేతులతోనే చెప్పారు. ఆవిడ బాగుందన్నట్టు తలూపారు.

పాత్రలో ఎండు పండ్ల ముక్కలు, మన రేగుపళ్ళలా పుల్లటివి. చిన్న గోధుమరంగు గింజలు చూస్తే మా వైపు పొలంగట్ల మీద మొలిచే తగిరిస గింజలే. ఇంకా ఎర్రటి వేరు ముక్కలు. దాన్‌షెన్ అంటారట.

"ఇది దేనికి?" అన్నాను.

"కొలెస్ట్రాల్‌కి. కింద మూలికల షాపాయన కట్టిచ్చాడు. పది రోజులు తాగాలి, వారం ఆపాలి, మళ్ళీ పది రోజులు."

పది రోజులు తాగడం, వారం ఆపడం. పరీక్షలు పైకీ కిందికీ ఊగిన తేదీలు నా కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి.

"మరి నేనిచ్చిన పొడి?"

ఆయన నేల చూపులు చూశారు. తర్వాత అలమర తలుపు తీశారు. ఆరు డబ్బాలు, ఒకదాని మీద ఒకటి. సీలు కూడా తీయలేదు. మొదటి డబ్బా ఒక్కటే అయిపోయిందట, ఇక మింగలేకపోయారట.

"మరి ప్రతినెలా వచ్చి ఎందుకు తీసుకున్నారు?" నా గొంతు లేచింది.

"నువ్వు గడియారం బొమ్మలు గీసి చెప్పావు. వద్దంటే నీకు కష్టంగా ఉంటుందని."

మాత్రని పట్టేసుకునే పొడి లోపలికి పోవడమే లేదు, దానికోసం పెంచిన మోతాదు మాత్రం పోతోంది. దానికి తోడు ఈ ఎర్ర వేరు, తాగిన రోజుల్లో ఒకలా, ఆపిన రోజుల్లో ఒకలా.

"మాకు ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది, మిస్టర్ మోయ్?"

ఆయన మొదటిసారి గొంతు పెంచారు. "మీరంతా నేనేం మర్చిపోతున్నానని అడిగారు. ఏం వండుకుంటున్నానని ఎవరడిగారు?"

నేను ఏడ్చాను. అత్తగారికి ఏం జరిగిందో తెలియకపోయినా, నా భుజం మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో మోయ్ గారికి కంగారుపడొద్దని సైగ చేశారు.

కింది షాపు

ముగ్గురం మెట్లు దిగి మూలికల షాపుకి వెళ్ళాం. గోడ పొడుగునా చిన్న చిన్న చెక్క సొరుగులు. షాపాయన పేరు లీ. మోయ్ గారు గుండె వాల్వ్‌కి మాత్ర వేసుకుంటారని చెప్పగానే ఆయన తక్కెడ కింద పెట్టేశాడు. మోయ్ గారి మీద చైనా భాషలో విరుచుకుపడ్డాడు. తర్వాత నాతో ఇంగ్లీషులో, "వేరే ఏమైనా తీసుకుంటున్నావా అని అడిగాను. లేదన్నాడు. దాన్‌షెన్ రక్తాన్ని కదిలిస్తుంది, గడ్డకట్టనివ్వదు, అది మాకు మొదటి పాఠం. తెలిస్తే వేస్తానా?" అన్నాడు.

అంటే మోయ్ గారు లీ దగ్గర డాక్టరు మందుల్ని దాచారు, మా దగ్గర లీ మూలికల్ని దాచారు. దాచాలని కాదు. ఎవరింటి సంగతి వాళ్ళింట్లోనే ఉండాలన్నది ఆయన మర్యాద. మా అత్తగారి పద్ధతీ అదే, నాదీ అదే కదా, ఇన్నేళ్ళుగా నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఆ షాపు గడప నేను ఎప్పుడైనా తొక్కానా? లీ చీటీ రాసిచ్చాడు, ఏ మూలిక ఎంత వేశాడో అన్నీ. నా కార్డుకంటే ఆ చీటీ నయం.

మా షాపుకొచ్చి డాక్టరు బ్రెనన్‌కి ఫోన్ చేశాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నానని, తప్పు నాదేనని ముందే చెప్పేశాను. ఆయన కొట్టిపారేశాడు. "ఏవో ఆకుల టీ. టీకి అంత శక్తి ఉండదు."

"ఉండదంటే మరి కొలెస్ట్రాల్ ఎలా దిగింది డాక్టర్? పొడి డబ్బాలు సీలు తీయకుండా ఉన్నాయి. ఆరూ నేను చూసొచ్చాను."

స్టాన్ చేస్తున్న పని ఆపి నా వంకే చూస్తున్నాడు. చివరికి బ్రెనన్, "ఆ చీటీ నాకు చదివి వినిపించు, నెమ్మదిగా" అన్నాడు.

నా అభిప్రాయం

మీరు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఆ కషాయం కొలెస్ట్రాల్ నిజంగా తగ్గించిందా? నాకు తెలియదు. అదే సమయంలో ఆయన పంది కొవ్వు కూడా మానేశారు. ఏది పనిచేసిందో ఒక్క మనిషిని చూసి చెప్పలేం, చెప్పగలమన్నవాళ్ళని నమ్మకండి. కానీ మూలికలంటే పెదవి విరిచే ఫార్మసిస్టు, మూలికలకి దణ్ణం పెట్టే ఫార్మసిస్టు, ఇద్దరూ నాకు ఒకటే. పనిచేసేదేదైనా హాని కూడా చెయ్యగలదు. ఎనభైల చివర్లో కొలెస్ట్రాల్‌కి కొత్త మాత్ర వచ్చింది, బూజులోంచి తీసింది. చైనా వంటల్లో ఎర్ర రంగుకి వేసే పులియబెట్టిన బియ్యంలో అలాంటి పదార్థమే ఉందని తర్వాత చదివి నోరు తెరిచాను. మన మందుల అలమరకీ వాళ్ళ వంటింటికీ మధ్య గోడ మనం అనుకున్నంత మందంగా లేదు.

అప్పట్నుంచి నేను "మందులు వాడుతున్నారా" అని అడగడం మానేశాను. "పొద్దున్న లేచినప్పటి నుంచి పడుకునేదాకా నోట్లో ఏమేం వేసుకుంటారు?" అని అడిగేదాన్ని. లైన్ పెరిగేది. జనం సణిగేవాళ్ళు. స్టాన్ ఒక కుర్చీ తెచ్చి కౌంటర్ పక్కన వేశాడు.

పరీక్ష

కషాయం మొత్తం ఆపేశారు. పొడి డబ్బాలు నేనే వెనక్కి తెచ్చాను. మాత్ర మోతాదు మొదటికి తెచ్చి, వారానికి రెండుసార్లు పరీక్ష. డాక్టరు ఇచ్చిన గడువు ఇంకో పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ నాకు అన్నం సయించలేదు. మేనల్లుడు హోమ్ కాగితాలు తెప్పించి ఉంచాడని మోయ్ గారే చెప్పారు, వాతావరణం సంగతి చెప్పినంత మామూలుగా.

మొదటి పరీక్ష కాస్త ఎక్కువే వచ్చింది. రెండోది దగ్గరికి వచ్చింది. మూడోది, గడువు రోజుది, అచ్చంగా ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది. బ్రెనన్ స్వయంగా ఫోన్ చేశాడు. "హోమ్‌కి నేను రాసిపెట్టిన కాగితాలు చించేశాను. ఆయన్ని ఎక్కడున్నాడో అక్కడే ఉండనీ" అన్నాడు.

మోయ్ గారు అప్పుడు కౌంటర్ పక్క కుర్చీలోనే ఉన్నారు. చెప్పాను. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "డాక్టరు మధ్యాహ్నం ఎక్కడ తింటాడు?" అని అడిగారు.

"తెలీదు. ఎందుకు?"

"ఆదివారం రమ్మను. నువ్వూ, స్టాన్, మీ అత్తగారు. ఆవిడ మాంసం తినదు కదా, ఆవిడకి వేరేగా చేస్తాను."

ఆదివారం మేం నలుగురం మెట్లెక్కి వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. డాక్టరు గుమ్మంలో ఆగి, లోపలికి రావచ్చా అని అడిగాడు. మోయ్ గారు స్టవ్ దగ్గర నిలబడి ఉన్నారు, నాలుగు పొయ్యిలూ వెలుగుతున్నాయి.

"రండి, కూర్చోండి" అన్నారు, వెనక్కి తిరగకుండానే. "ఇది నా ఇల్లు."